వాట్లు తగ్గాయి, వెలుగు ఎందుకు తగ్గలేదు?

బల్బు కొనడానికి వెళ్తే దుకాణంలో అడిగే మొదటి మాట "ఎన్ని వాట్లది?" అని. ఎంత వెలుగు కావాలని ఎవరూ అడగరు. ఫిలమెంటు బల్బుల కాలంలో ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం లేకపోయింది. వసారాకు నలభై, గదికి అరవై, పెళ్లి పందిరికి నూరు అని అందరికీ ఒక లెక్క ఉండేది. ఆ లెక్క ఇక పనికిరాదని దేశంలో అందరికంటే ముందుగా చూసినవారిలో పుదుచ్చేరి ప్రజలు ఉన్నారు.

మన యానాం కూడా భాగమైన ఆ కేంద్రపాలిత ప్రాంతంలో 2014 ఫిబ్రవరిలో ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మొదలుపెట్టింది. 60 వాట్ల పాత బల్బు అప్పగించి 10 రూపాయలు కడితే 7 వాట్ల ఎల్‌ఈడీ చేతికొచ్చేది. ఇలా ఇంటికి మూడు వరకు ఇచ్చారు. ఆ సంస్థ ఒక్కో బల్బును కొన్నది 310 రూపాయలకు. మిగతా సొమ్మును ఆదా అయ్యే కరెంటు విలువ నుంచి రాబట్టుకునే ఏర్పాటు చేసుకుంది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలకూ ఈ పథకం వచ్చింది. తర్వాత ఉజాలా పేరుతో దేశమంతా విస్తరించింది.

పుదుచ్చేరి పట్టణంలో సముద్రం ఒడ్డునే ఉన్న మత్స్యకారుల పేట సోలై నగర్. అక్కడ ఒక ఇంట్లో 60 వాట్ల బల్బు తీసి 7 వాట్లది పెట్టారనుకుందాం. రోజుకు 5 గంటలు వెలిగితే పాత బల్బుకు నెలకు 9 యూనిట్లు అయ్యేవి, కొత్తదానికి ఒక యూనిట్ పైచిలుకు చాలు. 53 వాట్లు తగ్గినా గది చీకటి కాలేదు. ఎందుకని?

వాట్ అనేది బల్బు తినే విద్యుత్తు కొలత. అది తిరిగి ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. ఎడ్ల బండికి ఎంత మేత పెట్టామో చెప్పినంత మాత్రాన అది ఎన్ని బస్తాలు మోసిందో తెలియదు కదా! ఫిలమెంటు బల్బులో తీగ కాలి తెల్లబడితేనే వెలుగు వస్తుంది. కానీ అది వెదజల్లే శక్తిలో చాలా భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇస్తే, 7 వాట్ల ఎల్‌ఈడీ 600 నుంచి 700 దాకా ఇస్తుంది.

ఈ ల్యూమెన్ లెక్కలో మన కన్ను కూడా ఉంది. కన్ను అన్ని రంగులనూ ఒకేలా పట్టించుకోదు. పగటి చూపులో దానికి బాగా అందేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతి. ఆ ఒక్క రంగులో ఒక వాట్ కాంతి 683 ల్యూమెన్లతో సమానం. అంతే శక్తి ముదురు ఎరుపులో వస్తే ల్యూమెన్లు బాగా తక్కువ, పరారుణంలో వస్తే సున్నా.

మనవాళ్లకు బాగా పరిచయమైన ఇబ్బంది ఇంకొకటుంది, లో వోల్టేజి. ఫిలమెంటు బల్బుకు 230 బదులు 200 వోల్టులే అందితే వెలుగు దాదాపు మూడో వంతుకు పైగా పడిపోతుంది. సాయంత్రం అందరూ స్విచ్చులు వేసే వేళ పాత బల్బు ఎర్రగా మిణుకుమిణుకుమనేది ఇందుకే. మంచి ఎల్‌ఈడీ లోపలి సర్క్యూటు ఆ తేడాను చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి పెట్టె మీద 60 వాట్లకు సమానం అని ఉన్న ఎల్‌ఈడీ, వోల్టేజి నిలవని వీధుల్లో ఆ 60 వాట్ల బల్బును మించిపోవచ్చు.

అయినా ల్యూమెన్లు రెట్టింపైతే వెలుగు రెట్టింపైనట్టు అనిపించదు. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎస్. ఎస్. స్టీవెన్స్ 1957లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, కంటికి తోచే వెలుగు అసలు కాంతికి ఇంచుమించు ఘనమూలంలా పెరుగుతుంది. అంటే రెండింతలుగా తోచాలంటే కాంతి ఎనిమిదింతలు కావాలి. పాత 40, 100 వాట్ల బల్బులనే చూడండి. వాట్ల తేడా రెండున్నర రెట్లు. కాంతి సుమారు 415 నుంచి 1,340 ల్యూమెన్లకు, అంటే మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. కంటికి మాత్రం ఒకటిన్నర రెట్లుగానే తోస్తుంది. మిట్ట మధ్యాహ్నం లక్ష లక్స్ ఎండనూ, ఒక లక్స్ కూడా లేని వెన్నెలనూ ఒకే కన్నుతో చూడాలంటే ఈ సర్దుబాటు తప్పదు మరి.

"కొత్త బల్బు వెలుగు ఆనడం లేదు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే కొట్టిపారేయకండి. పాత బల్బు దాదాపు అన్ని వైపులా వెలుగు చిమ్మేది, కప్పూ గోడలూ తెల్లగా కనిపించేవి. చాలా ఎల్‌ఈడీలకు అడుగున ప్లాస్టిక్ దిమ్మె అడ్డం, వెలుగు ఎక్కువగా ముందుకే పోతుంది. పొగచూరిన గోడలైతే వచ్చిన కాస్తనూ మింగేస్తాయి. అన్నిటికీ మించి వయసు. అరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరే కాంతి, ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో దాదాపు మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. మనవడికి చాలిన వెలుగు తాతకు చాలకపోవడం చాదస్తం కాదు.

అలాంటి తాత రాత్రిపూట వల బాగుచేసుకోవాలంటే 7 తీసి 12 వాట్లది పెట్టక్కర్లేదు. ఒక బల్బు నుంచి నేరుగా పడే కాంతి దూరం సగమైతే నాలుగింతలవుతుంది. వలకు రెండున్నర మీటర్ల ఎత్తున ఉన్న బల్బును మీటరుంబావుకు దించి, కళ్లలోకి కొట్టకుండా చిన్న షేడ్ తగిలిస్తే కంటికి ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగు పెరిగినట్టు తోస్తుంది, మీటరు మాత్రం అదే వేగంతో తిరుగుతుంది. 12 వాట్ల బల్బు పాత చోటే పెడితే కాంతి రెట్టింపు కూడా కాదు, తోచే తేడా ఐదో వంతు. ఇక కొత్త బల్బు కొనక తప్పనప్పుడు పెట్టెను అటూ ఇటూ తిప్పి ల్యూమెన్ల అంకె వెతకండి. పక్కపక్కనే ఉన్న రెండు 9 వాట్ల బల్బుల మీద ఆ అంకె ఒకటే ఉండాలని లేదు.