అమ్మ పాట – నకిలీ కత్తెర

బరంపురంలో జరిగిన నాన్నగారి షష్టిపూర్తి వీడియోలో అమ్మ పాడిన మంగళహారతి వరకు కత్తిరించి, పిల్లలకు పంపుదామని కూర్చున్నాను. నాకు చేతనైనది విండోస్ మూవీ మేకర్ ఒక్కటే. మైక్రోసాఫ్ట్ దాన్ని 2017 జనవరి 10న ఆపేసింది. ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించినదాన్నే దించుకున్నాను. గంటసేపు తంటాలుపడ్డాక, సేవ్ చేయాలంటే డబ్బు కట్టమంది! అసలుది ఉచితం కదండీ!

మా అబ్బాయి చూసి, "నాన్నా, ఇది నకిలీది. కార్డు నంబరు ఇచ్చావా?" అన్నాడు. ఇవ్వలేదు, బతికాను. ఇలాంటి నకిలీయే ఒకటి 29.95 డాలర్లు గుంజుతోందని ఈసెట్ భద్రతా సంస్థ 2017 నవంబరులోనే హెచ్చరించిందట.

దాన్ని తీసేసి, కంప్యూటరంతా వైరస్ పరీక్ష చేయించాం. ఇప్పుడు విండోస్ 11తో వచ్చిన క్లిప్‌చాంప్‌లో పని పూర్తిచేశాను. హారతి అయ్యాక అమ్మ "ఇక ఆపరా" అన్న మాట మాత్రం కత్తిరించలేదు.