మీకు తెలుసా? వంశవృక్షం చూపిస్తేనే సభ్యత్వం!

అమెరికా విప్లవ యుద్ధంలో పోరాడిన వారి వారసులకు ప్రత్యేక సంఘాలున్నాయి. కొడుకుల సంఘం 1889లో పుట్టింది. అందులోకి ఆడవాళ్లను రానివ్వకపోవడంతో మరుసటి ఏడాదే కూతుళ్ల సంఘం వెలిసింది. వీటిలో చేరాలంటే ఫలానా యోధుడికి నేరుగా వారసులమని తరతరానికీ కాగితాలు చూపాలి.

మన దగ్గర కాగితాల గొడవ మనవలది కాదు, సాక్షాత్తూ స్వాతంత్ర్య సమరయోధులదే. 1972లో మొదలైన కేంద్ర పింఛను కోసం కనీసం ఆరు నెలల జైలుశిక్షకు రుజువు పెట్టాలి; మహిళలకు మూడు నెలలు చాలు. జైలు రికార్డు దొరక్కపోతే తోటి ఖైదీ ధ్రువపత్రమే దిక్కు. యోధుడి తర్వాత పింఛను భార్యకో, పెళ్లికాని, సంపాదన లేని కూతురికో వెళ్తుంది. కొడుక్కి రాదు!

మరి జైలుదాకా వెళ్లకుండానే నేలకొరిగినవారో? 1942 ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఆందోళనకారులు రైల్వేస్టేషన్‌కు నిప్పుపెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వారి స్మారక స్తూపాలున్న చోటే రణరంగ చౌక్. అక్కడ నివాళికి వంశవృక్షం అడిగేవారెవరూ లేరు, ఊరంతా వారసులే.

అంతకు ముందే, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న చీరాలలో 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం నడిచింది. మున్సిపాలిటీ పన్నులు కట్టలేమంటూ జనం ఇళ్లే ఖాళీచేసి, ఊరవతల పాకల్లో నెలల తరబడి కాపురమున్నారు. మీ తాతమ్మ ఆ పాకల్లో ఉండి ఉంటే, ఆ సంగతికి ఏ ఆఫీసులోనూ ధ్రువపత్రం ఇవ్వరు.