పాత చక్రము – కొత్త మోటారు



ఆత్మకూరులో మన సంఘస్థుడైన ఒక సహోదరునికి సైకిలు షాపు ఉంది. తండ్రి నుండి వచ్చిన పని. ఒకప్పుడు గంటకు ఇంత అని ఇరవై అద్దె సైకిళ్ళు తిప్పిన షాపు అది. ఇప్పుడు పంక్చర్లు, బడిపిల్లల సైకిళ్ళు, అంతే. పోయిన వేసవిలో ఆయనా, ఐ.టి.ఐ. చదివిన ఆయన కుమారుడూ మా ఇంటికి వచ్చారు. కలిసి వచ్చారన్న మాటే గాని, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"అయ్యగారూ, వీనికి మీరన్నా చెప్పండి. ఇల్లు కుదువ పెట్టి కరెంటు సైకిళ్ళ షాపు పెడతాడంట" అన్నాడు తండ్రి.

"ఇట్లే పంక్చర్లు వేసుకుంటా కూర్చుంటే ఐదేండ్లకు షాపు మూసుకోవాల్సిందే అయ్యగారూ. నాయనకు చెబితే వినడు" అన్నాడు కుమారుడు.

వెంటనే జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. దానికి కారణముంది. కొన్నేళ్ళ క్రితం, నేను పరిచర్య చేసిన వేరొక ఊరిలో ఒక కమ్మరి సహోదరుడు ఇలాగే సలహా అడిగాడు. కరెంటు సమ్మెట కొనడానికి అప్పు తీసుకోమని నేనే చెప్పాను. ప్రార్థన కూడా చేశాను. యంత్రంలో లోపమేమీ లేదు. కాని అప్పటికే పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. కర్రులు సాగగొట్టించుకునే రైతులు తగ్గిపోయారు. పని లేని యంత్రం మూలబడింది, వడ్డీ మాత్రం నడిచింది. చివరికి ఆ కుటుంబం ఇల్లు అమ్ముకుని వలసపోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

కాబట్టి ఈసారి తొందరపడక, సైకిళ్ళు తయారయ్యే చోట చిన్నవారి సంగతి ఎలా ఉందో కొంత విచారించాను. మన దేశంలో ఈ పరిశ్రమకు పుట్టినిల్లు వంటిది పంజాబులోని లూధియానా. ముంజాల్ సోదరులు విడిభాగాల వ్యాపారంతో మొదలుపెట్టి, 1956లో అక్కడ హీరో సైకిల్స్ స్థాపించారు. 1986 నాటికి అది ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అటువంటి పెద్ద కంపెనీల చుట్టూ, ఇంటి వెనుక షెడ్డులో పెడళ్ళో, మడ్‌గార్డులో చేసుకుని బ్రతికే చిన్నవారు ఎందరో ఉన్నారు. మన నల్ల సైకిలు ఫ్రేము చూడండి. గొట్టాలు కలిసే చోట ఇనుప తొడుగులుంటాయి. గొట్టాన్ని తొడుగులోకి దించి, ఇత్తడి కరగబోసి అతికించడం పాత పద్ధతి. కొత్త సైకిళ్ళలో తొడుగు లేకుండా గొట్టానికి గొట్టం నేరుగా వెల్డింగు చేస్తారు. మన ఆత్మకూరు అబ్బాయి అడిగిన ప్రశ్నే అక్కడా ఉంది: మారాలా, ఉన్నట్టే ఉండాలా?

యంత్రాలుంటే చాలు, గట్టెక్కినట్టే అనుకునేవారు అట్లాస్ సంగతి తెలుసుకోవాలి. 1951లో సోనిపట్‌లో మొదలైన ఆ కంపెనీ పేరు వినని పల్లె లేదు. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినాన, ఆగిపోయింది. ముడిసరుకు కొనడానికి డబ్బు లేదని గేటుకు నోటీసు అంటించారు. అంత పెద్ద ఫ్యాక్టరీకే చేతిలో డబ్బు ఆడకపోతే ఆ గతి పట్టింది.

మరి ఏమీ నేర్చుకోకుండా కూర్చుంటే? మొదటి సమూయేలు 13వ అధ్యాయము తీసి చూడండి. ఇశ్రాయేలు దేశమంతటిలో కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చేశారు. నాగటి కర్రు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరకే పోవలసి వచ్చింది. ఈ భాగం తండ్రికి చదివి వినిపించాను. ఆయన తల ఊపాడు. తరువాత కుమారుని అడిగాను: "కరెంటు సైకిలు అమ్మినావు సరే, ఆరు నెలలకు బ్యాటరీ ఆగిపోతే నీవు విప్పగలవా?"

"లేదు అయ్యగారూ, కంపెనీకి పంపాల్సిందే."

అయితే ఈ వాక్యము నీకు కూడా అన్నాను. విప్పడం రాని వస్తువును అప్పు చేసి తెచ్చి అమ్మితే, వాడు పనివాడు కాడు, కంపెనీకి జీతం లేని గుమాస్తా. ఇల్లు కుదువ పెట్టవద్దని గట్టిగానే చెప్పాను.

అబ్బాయి ఆలోచన మాత్రం తప్పు కాదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే అటువంటి సైకిలుకు రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. పాలు పోసేవారికి, గడ్డిమోపులు మోసుకొచ్చేవారికి అది చిన్న సహాయమా? పైగా పాత సైకిలుకే మోటారు బిగించే సామాను విడిగా దొరుకుతుంది. దాచుకున్న డబ్బుతో ఒక్కటి తెచ్చి, విప్పి, బిగించి చూడమన్నాను. తండ్రి సరే అనలేదు, కాదనీ అనలేదు.

సామాను వచ్చాక తెలిసింది అసలు తిప్పలు. మోటారు చక్రం మధ్యన హబ్బులోనే ఉంటుంది. మన నల్ల సైకిలు వెనుక చక్రానికి 40 పుల్లలు, వచ్చిన మోటారుకు 36 రంధ్రాలు. పాత రిమ్ము పనికిరాదు. 36 రంధ్రాల రిమ్ము వేరే తెప్పించాలి, దానికి పొట్టివి, లావుపాటివి పుల్లలు వేయాలి. అబ్బాయి రెండు సాయంకాలాలు కూర్చుని అల్లాడు. తిప్పితే చక్రం పాములాగా ఊగింది. ఐ.టి.ఐ.లో ఇది నేర్పలేదు.

మూడవ రోజు తండ్రి వచ్చి పక్కన కూర్చున్నాడట. ఏమీ మాట్లాడకుండా పుల్లలన్నీ విప్పేసి, మొదటి నుండి అల్లి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్క పుల్ల మీటి చూస్తూ బిగించాడు. "మోటారైతే ఏమి, దీనికీ పుల్లలే కదా అయ్యగారూ" అని నాతో అన్నాడు. అనేటప్పుడు కొంచెం గర్వం కూడా కనబడింది. దానిని నేను ఖండించలేదు.

ఆ సైకిలు ఇప్పుడు కరివేన నుండి పాలు తెచ్చే ఒక పెద్దాయన దగ్గర ఉంది. పెట్టిన డబ్బు ఇంకా పూర్తిగా రాలేదు. రెండవది అడిగినవారు ఇద్దరున్నారు, ధర విని ఆలోచిస్తున్నారు. ఇంటి కాగితాలు పెట్టెలోనే ఉన్నాయి. బ్యాటరీ పని నేర్చుకోవడానికి అబ్బాయి వారానికి రెండు రోజులు కర్నూలు పోయి వస్తున్నాడు. బస్సు ఛార్జీ తండ్రే ఇస్తున్నాడు.