కత్తిపీట నుండి ఖంజరు వరకు

ఉమ్ అల్ క్వైన్ పాత కోట 1768లో నిర్మితమైనది. నేడు మ్యూజియంగా ఉన్న ఆ కోటలో ఆయుధాలను అద్దాల వెనుక చూచే తెలుగువారికి, తమ వంటింటి కత్తిపీట కూడ ఆ వంశానిదేనన్న ఊహ సామాన్యంగా తట్టదు.

ఈ ఎమిరేట్‌లోని అద్-దూర్ క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రేవు పట్టణం. అక్కడి సమాధులలో ఇనుప ఆయుధాలు లభించాయి. ఇంచుమించు ఆ కాలానికే చెందిన 'పెరిప్లస్' అను గ్రీకు గ్రంథం, భారతదేశపు ఇనుము, ఉక్కు ఎర్రసముద్రపు రేవులకు చేరేవని పేర్కొన్నది. అటుపిమ్మట శతాబ్దాలకు నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కుకు ప్రసిద్ధి చెందింది. 1820ల తొలినాళ్లలో హెన్రీ వోయిసీ అక్కడికి వెళ్లినప్పుడు, ఇస్ఫహాను వర్తకుడొకడు ఉక్కు కొనుగోలుకై వచ్చి ఉండుట గమనించాడు. ఐరోపావారు ఈ లోహాన్ని 'వూట్జ్' అన్నారు. 'ఉక్కు' శబ్దమే అందుకు మూలమని పలువురి అభిప్రాయం.

ఇనుమును కర్బన పదార్థంతో మట్టి మూసలో ఉంచి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. అందులో కర్బనం సుమారు 1.5 శాతం చేరేది. ఇనుప కార్బైడు స్ఫటికాలు పొరలుగా ఏర్పడుటచే అలుగుపై నీటి అలల వంటి చారలు కనిపించేవి. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక ప్రాచీన డమాస్కస్ ఖడ్గంలో కర్బన నానోనాళికలను కనుగొన్నారు.

మన కత్తిపీట వూట్జ్ కాదు. ఊరి కొలిమిలో సాగగొట్టిన సాధారణ ఉక్కు. అయినను సూత్రం ఒకటే: కర్బనం గట్టిదనాన్ని, పదును నిలుపుకొనే శక్తిని ఇస్తుంది. పీటను కాలితో అదిమిపెట్టి, రెండు చేతులతో కాయను పట్టి తరుగుట ఈ పనిముట్టు ప్రత్యేకత.

దీని శత్రువు తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం పలుచని ఆక్సైడు పొరగా మారి లోహాన్ని కాపాడుతుంది. కత్తిపీటకు ఆ కవచం లేదు. సముద్రపు తేమలోని ఉప్పు తుప్పును వేగిరపరుస్తుంది. కావున చింతపండు, నిమ్మ తగిలిన వెంటనే కడిగి, పొడిగా తుడిచి, నూనె చేయి రాయాలి. మొద్దుబారినప్పుడు సానరాయిపై నూరాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ ప్రయోగించవలసి వచ్చి, జారి చేయి తెగే ప్రమాదం హెచ్చు.

అడకత్తెర, కొడవలి, కత్తిపీట సేకరించదలచినవారు వాటితో పాటు, ఎవరు వాడారు, ఏ ఊరి కొలిమిలో చేయించారు అన్న వివరాలను కూడ వ్రాసి ఉంచుట మంచిది. ఊళ్లలో కొలిములు అరుదవుతున్న ఈ రోజుల్లో, పిల్లలకు అందవలసినది ఇనుము మాత్రమే కాదు, దాని వాడుక కూడ.