తలకు పెయింటు అంటితే పెట్రోలు, టర్పెంటైన్ వద్దు
కొబ్బరినూనె, కుంకుడుకాయ, కాస్త ఓపిక ఉంటే చాలు

సంక్రాంతి నెల పట్టిందంటే పల్లెల్లో ఇళ్ళకు కొత్త కళ వస్తుంది. గోడలకు సున్నమో, డిస్టెంపరో వేస్తారు. తలుపులకు, కిటికీలకు ఎనామిల్ పెయింటు వేస్తారు. మిగిలిన పెయింటు కనుమ నాటికి ఎడ్ల కొమ్ములకు చేరుతుంది. ఈ సందడిలో పిల్లలు తడి తలుపుకు తల ఆనిస్తారు. నిచ్చెన మీది డబ్బా ఒలికి కింద ఉన్నవారి నెత్తిన పడుతుంది. కొమ్ములకు రంగు పూస్తున్నప్పుడు ఎద్దు తల విదిలిస్తే, కుంచె పట్టినవాడి జుట్టుకే రంగు అంటుతుంది.

వెంటనే ఎవరో ఒకరు టర్పెంటైన్ సీసా తెమ్మంటారు. అది లేకపోతే బండిలోంచి పెట్రోలు తీస్తారు. కుంచెను శుభ్రం చేసేది తలనూ శుభ్రం చేస్తుందని నమ్మకం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

పుట్టువెంట్రుకలు ఉన్న పసివాళ్ళ విషయంలో తొందర మరీ ఎక్కువ. మొక్కు తీరేదాకా ఆ జుట్టుకు కత్తెర తగలరాదంటారు. అంటుకున్న చోట కత్తిరించే వీలు లేకపోవడంతో, ఎలాగైనా రంగు వదిలించాలని పెద్దలు ఏది దొరికితే అది పూస్తారు.

పొయ్యి పక్కనే ముప్పు

టర్పెంటైన్ సుమారు 35 డిగ్రీల వేడికే అంటుకోగల ఆవిరి వదులుతుంది. పెట్రోలుకు ఆ మాత్రం వేడి కూడా అక్కరలేదు. పండుగ రోజుల్లో తలస్నానాలు పెరట్లో నీళ్ళు కాగే కట్టెల పొయ్యి పక్కనే జరుగుతాయి. భోగినాడు వీధిలోనూ మంటే. పెట్రోలు పూసిన తలతో అక్కడికి పోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మంట అంటుకోకపోయినా హాని ఉంది. ఇవి చర్మంలోని జిడ్డును లాగేసి మాడును మండిస్తాయి. పసిపిల్లల మాడు త్వరగా ఎర్రబారి పొక్కుతుంది. కళ్ళలో పడితే మరీ కష్టం. పొరపాటున పిల్లవాడు ఒక గుక్క మింగితే, అది ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు వాంతి చేయించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ముందు ఏ రంగో చూడాలి

డిస్టెంపరు, ఎమల్షన్ నీటితో కలిపే రంగులు. తడిగా ఉండగానే గోరువెచ్చని నీళ్ళు, సబ్బుతో రుద్దితే వదిలిపోతాయి.

సున్నం సంగతి వేరు. అది కాలుస్తుంది. పడగానే చల్లని నీళ్ళు ధారగా పోసి కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా కడిగి, ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి.

ఎనామిల్ పెయింటు నూనె రంగు. నీటికి లొంగదు, నూనెకు లొంగుతుంది. అయితే గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. కనుక గడియ గడియకూ పని కష్టమవుతుంది.

వదిలించే పద్ధతి

మొదట పాతగుడ్డతో పైపై రంగును తుడవాలి. మొదలు నుంచి కొసవైపు తుడిస్తే మాడుకు పాకదు. రంగు అంటని జుట్టును పక్కకు తీసి ముడివేయాలి. అంటిన పాయకు కొబ్బరినూనె గాని, నువ్వులనూనె గాని కారేటట్టు పట్టించి అరగంట ఉంచాలి. తర్వాత పాయను రెండు వేళ్ళ మధ్య నలుపుతూ, ఊడిన రంగును గుడ్డకు తుడవాలి. పేల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి.

ఆ పైన కుంకుడు రసంతో గాని, సీకాయతో గాని తల రుద్దాలి. కుంకుడు రసం కళ్ళలో పడకుండా పిల్లల తల వెనక్కి వంచి పోయాలి. ఒక్కసారికి పోకపోతే నూనె, తలస్నానం మళ్ళీ రెండుమూడు సార్లు చేయాలి.

ఎండిపోయిన రంగు అయితే రాత్రి నూనె పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెట్టాలి. పొద్దున పెచ్చులను గోటితో చిదిపితే చాలామటుకు రాలిపోతాయి. మాడు మీద అంటినదాన్ని బ్లేడుతో గీకరాదు. నాలుగు రోజుల్లో చర్మం పొరతో అదే పోతుంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరుకు పైగా పెరుగుతుంది కనుక, మిగిలిన చిన్న మరకకు కంగారు పడనక్కరలేదు.

పాత రంగు గీకేటప్పుడు

పాత తలుపుల మీది రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదని కేంద్రం 2016లో నిబంధన చేసింది. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన పొరలను గీకితే ఆ దుమ్ము జుట్టులో చేరి, చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. పిల్లలకు ఇది ఎక్కువ చేటు. గీకే చోటికి వారిని రానివ్వరాదు. గీకినవారు తలస్నానం చేశాకే అన్నానికి కూర్చోవాలి.

పని మొదలుపెట్టే ముందే జుట్టుకు నూనె రాసి తువ్వాలు చుట్టుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. తలుపు ఆరేదాకా పిల్లలను పక్కింట్లో ఆడుకోనిస్తే, పుట్టువెంట్రుకలు మొక్కు నాటికి చెక్కుచెదరకుండా ఉంటాయి.