స్టీరింగ్ ఒకటి... రాష్ట్రాలు నాలుగు!

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి "గుడి ఎటండీ?" అని అడిగితే ఏమంటారో మీకు తెలుసా? "ఇంకో నలభై కిలోమీటర్లు వెళ్లాలి!" అంటారు. ఎందుకంటే ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అందుకే భద్రాచలం మీదుగా బస్తర్ దాకా వెళ్లే ఈ యాత్రకు కారే మేలు!

దారిలో పాల్వంచ దగ్గర కిన్నెరసాని ఏరు వస్తుంది. డ్యామూ, జింకలూ చూసుకుని కదలండి. 'కిన్నెరసాని పాటలు' రాసిన విశ్వనాథ సత్యనారాయణ గారే తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చారని తెలుసా? ఆ ఏటి గట్టున కాసేపు ఆగకుండా ఎలా వెళ్తారు!

మీకు తెలుసా? భద్రాచలం ఊరు తెలంగాణది, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌ది! పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఏడు మండలాల పల్లెలు అటు వెళ్లిపోయాయి. రాముడి ఊరు మాత్రం ఇటే ఉండిపోయింది. ఇప్పుడు పర్ణశాలకు వెళ్లాలంటే తెలంగాణలో బండి స్టార్ట్ చేయాలి, ఆంధ్రాలో గేరు మార్చాలి, మళ్లీ తెలంగాణలో బ్రేకు వేయాలి. మొత్తం దూరమెంత? 35 కిలోమీటర్లే!

మన దారిలో ముందు రాబోయే చింతూరులో పెద్ద వయసు తాతగారెవరైనా గడప దాటకుండానే ఎన్ని జిల్లాలు చూశారో తెలుసా? 1959 దాకా తూర్పు గోదావరి. ఆ తర్వాత ఖమ్మం. 2014లో మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మంచం కదల్లేదు, చిరునామా మాత్రం పరుగులు తీసింది!

అంతకంటే వింత ఇంకోటుంది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్‌వాళ్లకు ఇచ్చాక, 1874లో మద్రాసు కిందికి వచ్చేదాకా, భద్రాచలం ఏ రాష్ట్రంలో ఉందో చెప్పుకోండి. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో! రాజధాని నాగపూర్! నారింజపళ్ల ఊరి నుంచి మన రాముడి ఊరికి పాలన! నమ్ముతారా?

భద్రాచలం దగ్గర గోదావరి మీది పాత వంతెనపై రాకపోకలు 1965లో మొదలయ్యాయి. గోదావరి 53 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక. మరి 1986 ఆగస్టులో ఎంత వచ్చిందో తెలుసా? 75.6 అడుగులు! 2022 జులైలో 71 దాటింది, వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అందుకే వరద నెలల్లో ఈ యాత్ర పెట్టుకోకండి. ఆ రోజుల్లో దారి గోదారిదే!

సరే, వంతెన దాటి ముందుకు వెళ్తున్నారు. మీరు ఎక్కిన 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కడిదో తెలుసా? ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో పుట్టి, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. పొడవు దాదాపు రెండు వేల కిలోమీటర్లు, రాష్ట్రాలు ఆరు. అందులో ఒక్క ఆంధ్రాలోకి మాత్రం రెండుసార్లు దూరుతుంది! కుంట దగ్గర ఒకసారి, తిరువూరు దగ్గర ఇంకోసారి. మనవాళ్ల భోజనం అంత రుచిగా ఉంటుంది మరి!

కూనవరం దగ్గర కాస్త పక్కకు తిరగండి. అడవుల మధ్య నుంచి వచ్చిన శబరి గోదావరిలో కలిసేది అక్కడే. ఇది పోలవరం ముంపు ప్రాంతం. ఈ సంగమం ఎప్పటికీ ఇలాగే ఉండదు, తలుచుకుంటేనే గుండె పట్టేస్తుంది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోకండి, ఈ చలికాలమే వెళ్లిరండి!

చింతూరు చేరారా? ట్యాంకు నింపుకోండి, ముందున్నదంతా అడవి. ఇక్కడి నుంచి ఒక దారి మారేడుమిల్లి ఘాట్‌కు, ఒకటి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు, మరొకటి మోటు మీదుగా ఒడిశాకు. ఆ మోటు దగ్గరే సీలేరు శబరిలో కలుస్తుంది, మూడు రాష్ట్రాలు ఎదురెదురుగా నిలబడతాయి. ఏ ఒడ్డున ఫొటో దిగినా పక్క రాష్ట్రం అందులో పడుతుంది!

నూనె చుక్క లేకుండా, గిన్నె లేకుండా కోడికూర వండొచ్చని తెలుసా? మారేడుమిల్లి వైపు వెళ్తే కళ్లారా చూస్తారు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతి ఆకులతో మూసి, నిప్పుల మీద కాలుస్తారు. అదే బొంగులో చికెన్. అంట్లు తోమే పనే లేదు!

ఇక కుంట దారి పట్టి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ చేరితే, అక్కడి సంతల్లో పచ్చడి దేనితో చేస్తారో చెప్పుకోండి. ఎర్రచీమలతో! చీమల్నీ వాటి గుడ్లనీ మిర్చితో కలిపి నూరుతారు. చీమ మనల్ని కుట్టే లోపే మనం దాన్ని నంజుకోవడమన్నమాట!

కాంగేర్ లోయ జాతీయ పార్కులోని కుటుంసర్ గుహలో గుడ్డి చేపలున్నాయని తెలుసా? చిమ్మచీకట్లో చూపుతో పనేముంది మరి! వానాకాలం గుహ మూసేస్తారు. దగ్గర్లోనే తీరథ్‌గఢ్ జలపాతం, ఎత్తు దాదాపు 300 అడుగులు. తల ఎత్తితే మెడ పట్టేస్తుంది!

చిత్రకోట్ జలపాతం వానాకాలంలో ఎంత వెడల్పు సాగుతుందో ఊహించండి. దాదాపు 300 మీటర్లు! ఎత్తు వంద అడుగుల లోపే కానీ, ఆ వెడల్పు చూసే 'భారత నయాగరా' అన్నారు. అసలు వింత ఇప్పుడు వినండి. ఆ నీళ్లు ఇంద్రావతి నదివి. ఇంద్రావతి వెళ్లి గోదావరిలో కలిసేది భద్రాచలానికి ఎగువన! అంటే ఇక్కడ దూకిన నీళ్లే తర్వాత రాముడి స్నానఘట్టాల ముందు నుంచి పారుతాయి. మనకు టోలూ పెట్రోలూ కావాలి, వాటికి ఏమీ అక్కర్లేదు!

జగదల్‌పూర్‌ను ఏలిన బస్తర్ రాజులు తాము కాకతీయులమని చెప్పుకున్నారని తెలుసా? 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యం నిలబెట్టాడని చెబుతారు. వరంగల్‌వాళ్లెవరైనా కారులో ఉంటే కాలర్ ఎగరేయండి!

ఆఖరి ప్రశ్న. బస్తర్ దసరా ఎన్ని రోజులు? పది కాదు... 75! పైగా రావణ దహనమే ఉండదు, పండగంతా దంతేశ్వరి అమ్మవారిదే. మరి సెలవు చీటీలో ఎన్ని రోజులని రాస్తారు?