పాత పెట్రోలు కారును విద్యుత్తుతో నడుపుట

ఇంజను చెడిన కారు ఇంటిముందు నిలిచియున్నచో ఆ యింటివారికి సాధారణముగా రెండే ఆలోచనలు తోచును. అప్పుచేసియైనను బాగుచేయించుట ఒకటి. పాత ఇనుము కొనువానికి తూచి ఇచ్చుట మరియొకటి. మూడవ మార్గము కూడ కలదని అమెరికాలో కొందరు ఔత్సాహికులు దాదాపు అరువది ఏండ్లనుండి చూపుచున్నారు. ఇంజనును దింపివేసి, దాని స్థానమున విద్యుత్ మోటారును బిగించి, పెట్రోలు టాంకికి బదులు బ్యాటరీలు అమర్చి, అదే కారును అదే రోడ్డుమీద నడుపుకొనుట ఆ మార్గము. ఇది ఇంటి షెడ్డులో జరుగగల పనియే. కాని ఇందులో ప్రాణాపాయము కలదు. లెక్క తప్పినచో ధననష్టము కలదు. కనుక ముందుగా విషయము తెలిసికొనుట మంచిది.

విద్యుత్కారు నిన్నమొన్న పుట్టినది కాదు. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని 1859లో నిర్మించెను. 1899 ఏప్రిల్ 29వ తేదీన కామిల్ జెనాట్జీ అను బెల్జియం దేశస్థుడు పారిస్ సమీపమున ఒక విద్యుత్ వాహనమును గంటకు 105 కిలోమీటర్లకు మించిన వేగముతో నడిపెను. గంటకు నూరు కిలోమీటర్లు దాటిన మొదటి కారు విద్యుత్తుదే. ఆ కాలమున పెట్రోలు కారు నడుపువారు ముందుభాగమున కమ్మి దూర్చి, చేతులు నొప్పిపెట్టునట్లు త్రిప్పి ఇంజనును లేపవలసియుండెడిది. 1912లో కాడిలాక్ కారునకు మీట నొక్కినంతనే ఇంజనును లేపు సాధనము అమర్చిరి. అంతటితో పెట్రోలు కారునకున్న పెద్ద బాధ తీరినది. చిత్రమేమనగా, ఆ సాధనము ఒక బ్యాటరీయు, ఒక చిన్న విద్యుత్ మోటారును మాత్రమే. విద్యుత్కారును వెనుకకు నెట్టినవానిలో విద్యుత్ మోటారు కూడ ఒకటి!

1967లో కాలిఫోర్నియాలో వాల్టర్ లాస్కీ అను ఆయన ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్‌ను స్థాపించెను. 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని నిలిపినప్పుడు అమెరికా పెట్రోలు బంకులయెదుట బారులు తీరినవి. అప్పటినుండి ఇంటివద్ద కార్లు మార్చువారి సంఖ్య హెచ్చినది. గిడ్డంగులలో బరువులెత్తు బండ్ల మోటార్లు, యుద్ధానంతరము మిగిలిపోయిన విమానముల స్టార్టరు జెనరేటర్లు వారికి చౌకగా దొరికిన సామగ్రి.

వారికి మిక్కిలి ప్రియమైనది వోక్స్‌వాగన్ బీటిల్ కారు. కారణము స్పష్టమే. దాని ఇంజను గాలితో చల్లబడును గనుక రేడియేటరు బెడద లేదు. ఆ ఇంజను గేరుపెట్టెకు నాలుగు బోల్టులతో మాత్రమే బిగించియుండును. తెలిసినవారు గంటలోపల దింపగలరు. ఇంజను బరువు సుమారు 110 కిలోలు. దాని స్థానమున 65 కిలోల మోటారు చాలును. మోటారునకు, గేరుపెట్టెకు నడుమ దట్టమైన అల్యూమినియం పలక ఒకటి కావలెను. దీనిని మాత్రము లేతుపని బాగుగా తెలిసిన వానిచేతనే చేయించవలెను. మోటారు ఇరుసు, గేరుపెట్టె ఇరుసు ఒకే గీటున ఉండవలెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను మొదట మూలుగు, పిదప అదురు, తుదకు బేరింగుల నాశనము తప్పవు. పాత గేర్లను ఉంచుకొనుటయే లాభము. ఎత్తుపల్లములకు అవి పనికివచ్చును, వెనుకకు నడచుటకు వేరే ఏర్పాటు అక్కరలేదు.

ఇచట ఒక అపాయమును చెప్పక తప్పదు. ఇంటిలో మార్పుచేయువారు చాలకాలము సీరీస్ మోటార్లనే వాడిరి. ఇవి నిలిచియున్న బండిని లాగుటలో మిక్కిలి బలము గలవి. అయితే మోయుటకు బరువు లేనిచో వీని వేగమునకు హద్దుండదు. డ్రైవరు యాక్సిలరేటరు త్రొక్కియుండగనే క్లచ్చి నొక్కినచో, మోటారు క్షణములలో విపరీత వేగమునందుకొని లోపలి భాగములు చెదరి పగిలిపోవచ్చును. పెట్రోలు కారు అలవాటున్న కాలు ఈ పొరపాటు సులభముగా చేయును.

మోటారునకు కావలసినంత విద్యుత్తును విడుచు కావలివాడు కంట్రోలరు. తొలినాళ్ళలో రెసిస్టరులతోను, బ్యాటరీలను జట్లుగా కలిపి విడదీయుటతోను పని గడపెడివారు. బండి గంతులు వేయుచు బయలుదేరెడిది. తరువాత ట్రాన్సిస్టరులు వచ్చి, విద్యుత్తును సెకనునకు వేలసార్లు తెంపి కలుపుచు, వేగమును మెత్తగా పెంచు విధానము స్థిరపడెను. ఈ తెంపి కలుపుటవలన మా వృత్తికి ఒక చిక్కు వచ్చినది. ఆ తరంగములు మీడియం వేవు రేడియోలో గరగరమను శబ్దముగా వినబడును. ఈ కారణముననే కొన్ని కంపెనీలు తమ విద్యుత్కార్లనుండి మీడియం వేవు రేడియోను తీసివేసినవి. మోటారు తీగలను పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉంచి, లోహపు అల్లిక తొడిగి, ఫెరైటు కడియములు వేసినచో ఈ బాధ చాలవరకు తగ్గును. కారులో వార్తలు వినువారు ఈ మాట మరువరాదు!

అన్నింటికన్న కఠినమైన సమస్య బ్యాటరీ. ఒక లెక్క చూడుడు. గోల్ఫు మైదానములలో తిరుగు చిన్న బండ్ల కొరకు చేసిన ఆరువోల్టుల సీసపు బ్యాటరీ ఒక్కొక్కటి 28 కిలోలుండును. పదునారింటిని వరుసగా కలిపినచో 96 వోల్టులు వచ్చును. బరువు 450 కిలోలకు చేరును. బీటిల్ బరువు సుమారు 800 కిలోలు. ఇంజను తీసి, మోటారు పెట్టి, బ్యాటరీలు ఎక్కించునప్పటికి కారు 1,200 కిలోలగును. మనుష్యులతో, సామానుతో కలిపి ఆ కారు మోయదగిన మొత్తము బరువు కూడ ఇంచుమించు అంతే. ఇంకను డ్రైవరు ఎక్కనేలేదు! కనుక స్ప్రింగులు, బ్రేకులు బలపరుపక నడుపుట సాహసము కాదు, అవివేకము.

ఇక శక్తి మాట. ఆ పదునారు బ్యాటరీలలో 21 యూనిట్ల విద్యుత్తు ఉన్నట్లు పైన వ్రాసిన అంకెలనుబట్టి తేలును. కాని ఆ అంకె ఇరువది గంటలసేపు మెల్లగా తీసికొన్నప్పటిది. గంటసేపటిలో తోడివేసినచో సీసపు బ్యాటరీ అంత ఇవ్వదు. పైగా అడుగంట తోడినచో దాని ఆయువు తగ్గును. తుదకు చేతికి దక్కునది సుమారు పది యూనిట్లు. కిలోమీటరునకు 150 వాట్-గంటల వంతున లెక్కించిన అరువదియైదు కిలోమీటర్ల ప్రయాణము. ఒక లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి కలదు. ఇంజను అందులో ఐదవవంతును మాత్రమే చక్రములకు పంపి, తక్కినదానిని వేడిగా గాలిలో కలుపును. మోటారు తనకిచ్చినదానిలో నూటికి ఎనుబదియైదు పాళ్ళకు తగ్గక పనిగా మార్చును. ఇంత నేర్పున్నను, 450 కిలోల సీసము చేయు పని ఐదు లీటర్ల పెట్రోలు చేయు పనికి మించదు. విద్యుత్కారు నూరేండ్లు మూలపడుటకు ఈ ఒక్క లెక్కయే చాలును.

ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు వచ్చి ఈ లెక్కను మార్చినవి. అదే పది యూనిట్లు ఇచ్చు పెట్టె నూరు నూటయిరువది కిలోలలో ఇముడును. అయితే లిథియం గడులు సీసమువలె ఓర్పుగలవి కావు. ప్రతి గడి వోల్టేజీని, వేడిమిని కనిపెట్టియుండు ఎలక్ట్రానిక్ కాపలా లేనిచో, అధికముగా చార్జి అయిన ఒక్క గడి మొత్తము పెట్టెకు చేటు తెచ్చును. సీసపు బ్యాటరీల అపాయము వేరు: చార్జి అగునప్పుడు హైడ్రోజను వెలువడును. గాలి ఆడని గదిలో చిన్న నిప్పురవ్వ చాలును.

ఇంటిలోని విద్యుత్తుకన్న 96 వోల్టులు తక్కువగదా యని కొందరు తలచెదరు. ఇది పొరపాటు. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు నూరుసార్లు సున్నకు చేరును గనుక స్విచ్చి తీసినప్పుడు పుట్టిన మెరుపు తనంత తానే ఆరిపోవును. బ్యాటరీ విద్యుత్తు ఒకే దిశలో ప్రవహించుటచే ఆ మెరుపు ఆరక, లోహమును కరగించును. కావున ఇంటి స్విచ్చీలు, ఇంటి ఫ్యూజులు ఇచట పనికిరావు, డి.సి. కొరకే చేసినవి వాడవలెను. పానాకు రెండు కొనలను తాకినచో అది ఎఱ్ఱగా కాలి అతుకుకొనిపోవును. పనికి దిగుటకు ముందు చేతి ఉంగరములు, గడియారము, మెడలోని గొలుసు తీసి ఇంటిలో పెట్టవలెను. పానా పిడికి ఇన్సులేషను టేపు చుట్టవలెను. ఒంటరిగా పని చేయరాదు.

మన దేశమున ఉత్సాహముతో పాటు చట్టమును కూడ చూడవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. బ్యాటరీతో నడుచునట్లు మార్చుటకు ఆ సెక్షనే వీలు కల్పించినది. కాని ఆమోదము పొందిన కిట్టుతో, నిబంధనలకు లోబడి చేయవలెను. కనుక దొడ్డిలో స్వయముగా కూర్చిన యంత్రముతో రోడ్డెక్కుట మనకు కుదరదు. తెలంగాణ ప్రభుత్వము 2020 నాటి విధానమున మొదటి 5,000 ఆటోల మార్పిడికి ఖర్చులో 15 శాతము, 15,000 రూపాయలకు మించకుండ సహాయము ప్రకటించినది. దినమునకు ఎంత దూరము తిరుగునో ముందే తెలిసిన ఆటోకు ఈ పని కారుకన్న బాగుగా నప్పునని నా అభిప్రాయము. కారునకైనచో, తుప్పు పట్టని అడుగుభాగము, ప్రతిదినము నలుబది కిలోమీటర్లకు మించని తిరుగుడు ఉన్నవారికే ఇది తగును. ముచ్చటపడి తుప్పు కారునకు లక్షలు పోయుట తగదు.

అన్నియు బిగించిన పిదప తొలి పరీక్ష రోడ్డుమీద చేయరాదు. చక్రములు నేలకు తగులకుండ కారును స్టాండ్లపై నిలిపి, పెద్ద బ్యాటరీ పెట్టెను వేరుచేసి, ఒక్క పన్నెండు వోల్టుల బ్యాటరీని మోటారునకు కలిపి, గేరు వేసి చూడవలెను. చక్రము నిదానముగా తిరుగును. ఏ మూలనైనను రాపిడి శబ్దమున్నచో అప్పుడే వినబడును. ఇంజను మ్రోత లేదుగదా!